డెబ్బై రోజులైనా కరగని కుండీ: నల్గొండలో కాగితపు గుజ్జు నర్సరీ కుండీల కేస్ స్టడీ

2022 ఆగస్టు చివరలో దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దాయన మా షెడ్డుకు వచ్చారు. భుజం మీది తువ్వాలులో మూటకట్టి తెచ్చినదాన్ని బల్ల మీద పెట్టి విప్పారు. లోపల వాడిపోయిన పత్తి మొక్క, దాని మొదట్లో మా కుండీ. జూన్‌లో ఆయన చేనులో పోగుంటలు, అంటే గింజ మొలవని ఖాళీలు, పూరించడానికి నాటిన కుండీ అది. డెబ్బై రోజులు మట్టిలో ఉన్నా దాని అంచు చెక్కుచెదరలేదు. వేలితో తడితే అట్టపెట్టెను తట్టినట్టే శబ్దం వచ్చింది.

“కాగితమే కదా, మట్టిలో కరిగిపోతుందన్నావు. కరగలేదు బిడ్డా, వేళ్ళను లోపలే పట్టి ఉంచింది” అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. ఉన్న మాట చెప్పడానికి నలభై కిలోమీటర్లకు పైగా బస్సులో వచ్చారు, అంతే.

ఆయన ముందే కుండీని కత్తితో నిలువుగా కోశాను. తల్లివేరు అడుగు దాకా దిగి, అక్కడ దారి లేక పక్కకు తిరిగింది. పిల్లవేళ్ళు గోడ వెంట చుట్టలు చుట్టుకున్నాయి. నల్ల పాలిథిన్ సంచిలో ఎక్కువ రోజులు ఉంచిన మొక్కకు ఏం జరుగుతుందో సరిగ్గా అదే జరిగింది. ఆ రోజు వరకు ప్రతి కట్ట మీద “నేలలో కలిసిపోతుంది” అని రబ్బరు ముద్ర వేసి పంపేవాళ్ళం. మర్నాటి నుంచి ఆ ముద్ర ఆపేశాను.

నల్గొండ, పాలమూరు ప్రాంతంలో ఇలాంటి యూనిట్ పెట్టాలని చాలామంది అడుగుతున్నారు. ఏ యంత్రం కొనాలన్నదే అందరి మొదటి ప్రశ్న. మమ్మల్ని ఇబ్బంది పెట్టింది మాత్రం యంత్రం కంటే ఎక్కువగా మన నీరు, మన నేల. అందుకే వాటి గురించే ఎక్కువగా రాస్తున్నాను.

కుండీలే ఎందుకు

మా షెడ్డు నల్గొండ శివార్లలో, మిర్యాలగూడ వెళ్ళే దారిలో ఉంది. నాతో పాటు మహిళా సంఘం నుంచి వచ్చిన ఆరుగురు పనిచేస్తారు. కాగితాన్ని గుజ్జు చేసే పల్పర్ ఒకటి, రెండు సిమెంటు తొట్లు, ఒక వాక్యూమ్ పంపు, సన్నని స్టీలు జాలీ తొడిగిన ఎనిమిది అచ్చులు, ఆరబెట్టడానికి వెదురు తడికలు. 2021లో ఇంతటితోనే మొదలుపెట్టాం, ఇప్పటికీ దాదాపు ఇంతే.

మొదట్లో అందరూ విస్తళ్ళు, గిన్నెలు చేయమన్నారు. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాల మీద నిషేధం రావడంతో ఆ ఒత్తిడి ఇంకా పెరిగింది. నేను ఒప్పుకోలేదు, ఇక ముందూ ఒప్పుకోను. మా దగ్గరికి వచ్చేది చిత్తు కాగితం. అందులో అచ్చు సిరా ఉంటుంది, బంక ఉంటుంది, ఏ గోదాములో ఏది ఒలికిందో చెప్పలేం. వార్తాపత్రికలో తినుబండారాలు పొట్లం కట్టవద్దని ఆహార భద్రతా నియమాలే చెబుతున్నాయి. అదే పత్రికను గుజ్జు చేసి పళ్ళెం చేస్తే సిరా ఎక్కడికి పోతుంది? పళ్ళేలు చేయాలనుకునేవారు చెరకు పిప్పి గుజ్జుతోనో ఆకులతోనో చేయాలి.

మొక్కల కుండీకి ఆ చిక్కు లేదు. అవసరం కూడా కళ్ళముందే ఉంది. 2015లో ‘తెలంగాణకు హరితహారం’ అనే మొక్కలు నాటే కార్యక్రమం మొదలయ్యాక పల్లె పల్లెకూ నర్సరీ వచ్చింది. అది చాలా మంచి పని. కానీ మొక్క నాటిన ప్రతిచోటా ఒక నల్ల సంచి మిగిలింది. నిషేధించిన వస్తువుల జాబితాలో ఆ సంచులు లేవు. రోడ్డు పక్క గుంతల దగ్గర, చేల గట్ల మీద చిరిగిన నల్ల ముక్కలు ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటాయి. ఇంకో అవసరం పత్తి రైతులది. మొలవని చోట మళ్ళీ గింజ పెడితే ఆ మొక్క పక్కవాటి నీడలో పడి వెనకబడుతుంది. అందుకే చేను విత్తిన రోజే కొన్ని గింజలు సంచుల్లో వేసి ఉంచుకొని, రెండు మూడు వారాల్లో పోగుంటల్లో నాటుతారు. సంచి చింపేటప్పుడు మట్టి గడ్డ విరిగితే తల్లివేరు దెబ్బతింటుంది. వేరు కదిలితే తట్టుకోలేని బొప్పాయికీ ఇదే బాధ. కుండీతో సహా నాటేస్తే ఆ బాధ ఉండదని అనుకున్నాం.

చిత్తు కాగితాలన్నీ ఒకటి కావు

అట్టపెట్టెల్లో పీచు పొడవు, పట్టు ఎక్కువ. వార్తాపత్రిక కర్రను యంత్రంతో నూరి చేసిన కాగితం. పీచు పొట్టి, పొడిలాంటి నూక ఎక్కువ, నీటిని బాగా పీలుస్తుంది. తెల్లకాగితం, అంటే పరీక్ష పేపర్లు, ఆఫీసు కాగితాలు, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది కానీ మాలాంటి యూనిట్‌కు అదే పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. పైగా కాగితం మళ్ళీ మళ్ళీ గుజ్జైన కొద్దీ పీచు పొట్టిదవుతుంది. ఒకసారి ఎండిన పీచు మొదటిసారి ఉబ్బినంతగా మళ్ళీ ఉబ్బదు, పక్క పీచుతో అంత గట్టిగా అతుక్కోదు. మన అట్టపెట్టెలు చాలావరకు ఇంతకుముందే ఒకటి రెండు జన్మలెత్తి వచ్చినవి. గోడ కాస్త మందంగా పోయడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

ఏరివేత పని మీద ఇద్దరు ఎప్పుడూ ఉంటారు. గమ్ టేపు, స్టేపుల్ పిన్నులు, ప్లాస్టిక్ పొర అంటించిన పెళ్ళి శుభలేఖలు, నిగనిగలాడే రంగుల పత్రికలు, కాగితపు టీ కప్పులు అన్నీ పక్కకు పోవాలి. బస్సు టికెట్లు, దుకాణం రసీదులు కూడా పక్కకే. వేడితో అక్షరం పడే ఆ కాగితం మీద పూసిన రసాయనాలు మట్టిలోకి పోవడం నాకు ఇష్టం లేదు. ఈ ఏరివేతను తేలిగ్గా తీసుకున్న యూనిట్ల కుండీల్లో ప్లాస్టిక్ పొరల ముక్కలు కళ్ళకే కనిపిస్తాయి. ప్లాస్టిక్‌ను తప్పించడానికి చేసిన వస్తువులో ప్లాస్టిక్ ఉండటం నేను భరించలేను.

పని తీరు ఇది. కాగితాన్ని రాత్రంతా నానబెట్టి, పల్పర్‌లో చిలికి, తొట్టిలో బాగా పలుచన చేస్తాం. నూరు లీటర్ల నీటికి కిలో పీచు. అచ్చును ముంచి వాక్యూమ్ పెడితే నీరు జాలీ గుండా పోయి పీచు పొరగా పట్టుకుంటుంది. కుండీ ఎండిన బరువు 14 గ్రాములు. అంటే ఒక్కో కుండీకి దాదాపు లీటరున్నర గుజ్జునీరు అచ్చు గుండా పోతుంది. రోజుకు 1,500 కుండీలంటే రెండు వేల లీటర్లు దాటుతుంది. ఆ నీటినే తిప్పి తిప్పి వాడుకుంటాం. అచ్చు నుంచి తీసిన తడి కుండీ 50 గ్రాములు తూగుతుంది. అందులో 36 గ్రాములు నీరే. రోజుకు 54 లీటర్ల నీరు ఎండకు ఆవిరైపోవాలి. అంత నీటిని కట్టెలతోనో కరెంటుతోనో ఆరబెట్టి ఉంటే ఈ యూనిట్ ఎప్పుడో మూతపడేది. మన ఎండే మా పెట్టుబడి. అయితే మే నెల మధ్యాహ్నం నేరుగా ఎండలో పెడితే అంచు ముందు ఎండి ముడుచుకుపోయి కుండీ వంకర తిరుగుతుంది. మొదటి రెండు గంటలు గ్రీన్‌నెట్ నీడలో ఉంచి, ఆ తరవాతే ఎండలోకి మారుస్తాం.

తొట్టి పొంగిన రోజు

గుజ్జు కుండీ తడి తగిలితే ఇట్టే మెత్తబడుతుంది. నర్సరీలో రోజూ నీళ్ళు పోస్తారు కాబట్టి కొన్ని వారాలైనా నిలవాలి. దానికి పాత పద్ధతి రోజిన్ (దేవదారు జాతి చెట్ల బంక నుంచి తీసేది), పటిక. రోజిన్ నీటిని తోస్తుంది, పటిక దాన్ని పీచుకు పట్టిస్తుంది. పటిక మన జిల్లాకు కొత్త కాదు. తాగునీటిలోని ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరు. అందులో పనిచేసేది పటిక, సున్నమే. మిషన్ భగీరథ తాగునీళ్ళు రాకముందు ఆ మాట వినని ఇల్లు ఇక్కడ తక్కువ. పటికే కదా, మనకు తెలిసిందే అన్న ధైర్యంతో దిగాం.

ఆ రోజు గుజ్జులో సగం తెల్లకాగితం. ఒక కాలేజీ నుంచి పాత జవాబు పత్రాలు వచ్చాయి. కరిగించిన పటికను తొట్టిలో పోసి కలపగానే ఉపరితలం మీద చిన్న చిన్న బుడగలు మొదలయ్యాయి. చూస్తుండగానే పాలు పొంగినట్టు తెల్లని నురుగు తొట్టి అంచు దాకా లేచింది. తొట్టి దగ్గర ఉన్నావిడ భయపడి “అక్కా, విషం కలిసిందా?” అని వెనక్కు జరిగింది. ఆ నురుగులోనే అచ్చు ముంచి తీసిన కుండీని వెలుతురుకు అడ్డం పట్టి చూస్తే, గోడ నిండా సూది బెజ్జాలు.

ఏం జరిగిందో అర్థం కావడానికి వారం పట్టింది. ఈ రోజుల్లో తెల్లకాగితానికి నునుపు, తెలుపు రావడానికి అందులో సుద్ద కలుపుతారు. రసాయనంగా అది కాల్షియం కార్బొనేట్. పటిక నీరు పులుపు. పులుపు సుద్దకు తగిలితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మా తొట్టిలో పొంగింది అదే. తెల్లకాగితం మానేస్తే నురుగు తగ్గింది కానీ కుండీ మాత్రం నీటికి ఆగలేదు. దానికి కారణం మా బోరు నీరు. రోజిన్, పటిక జంట బాగా పనిచేయాలంటే గుజ్జు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే తక్కువైతే పులుపు) నాలుగున్నర, అయిదున్నర మధ్య ఉండాలి. మా బోరు నీటి పీహెచ్ ఎనిమిదికి దగ్గర, బైకార్బొనేట్ ఎక్కువ. పోసిన పటిక పులుపును ఆ నీరే మింగేస్తుంది. పటిక పెంచుకుంటూ పోతే ఖర్చు పెరిగింది, జాలీ తుప్పు మరకలు పట్టింది, ఆ నీరు పోసిన చోట గడ్డి మాడింది.

అప్పుడు కాగితం నీటిని పీల్చకుండా చేసే ఏకేడీ (ఆల్కైల్ కీటీన్ డైమర్) అనే రసాయనానికి మారాం. కొవ్వు ఆమ్లాల నుంచి తయారయ్యే, పాలలా తెల్లగా ఉండే ద్రవం అది. క్షారగుణం ఉన్న నీటిలోనే బాగా పనిచేస్తుంది కాబట్టి మన నీరు దానికి సరిగ్గా సరిపోతుంది. పొడి పీచు బరువులో 0.2 శాతం చాలు. తయారైన రోజే దాని బలం తెలియదు. కుండీలను వారం పాటు నిల్వ ఉంచాక, లోపల నీళ్ళు పోసి చూస్తే గంటల తరబడి చెమ్మ బయటికి రాలేదు. మా సంబరానికి అంతులేదు. గట్టిదనం కోసం మొక్కజొన్న గంజి కూడా కలిపాం. ఆ కుండీలే దేవరకొండ పెద్దాయన చేనుకు వెళ్ళాయి.

గంజి గురించి ఒక మాట. తిప్పి వాడే నీటిలో గంజి పేరుకుంటే ఏప్రిల్ ఎండకు మూడో రోజుకే పులిసి కుళ్ళు వాసన వస్తుంది, జాలీకి జిగురు పట్టి నీరు దిగదు. ఇప్పుడు గంజి పూర్తిగా మానేశాం. తొట్లను ప్రతి ఆదివారం ఖాళీ చేసి ఎండబెడతాం. ఆ నీరు షెడ్డు వెనక వేప చెట్లకు పోతుంది.

తవ్వి చూసినప్పుడు

పెద్దాయన వెళ్ళాక మా నాయనమ్మ గంప గుర్తొచ్చింది. ఆమె పాత కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి రోట్లో రుబ్బి, బోర్లించిన కుండ మీద అద్ది గంపలు చేసేది. అందులో ఒకటి ఇప్పటికీ మా అటక మీద ఉంది. పొడిగా ఉన్నంతకాలం కాగితం తరాలు నిలుస్తుందని ఆ గంపే చెబుతోంది. కాగితాన్ని తినేది మట్టిలోని బూజులు, బ్యాక్టీరియా. వాటికి తడి కావాలి, కాస్త నత్రజని కావాలి. తడి లేని చల్కలో, అంటే తేలికపాటి ఎర్రనేలలో, కుండీ నాటడమంటే గంపను అటక ఎక్కించడమే.

ఊహతో సరిపెట్టుకోకుండా పరీక్ష పెట్టాం. ఏకేడీ వేసినవి, ఏమీ వేయనివి రెండు రకాల కుండీలను ఉల్లిగడ్డల వల సంచుల్లో కట్టి మూడు చోట్ల పాతిపెట్టాం. డ్రిప్పు ఉన్న నల్లరేగడి, వానాధారపు ఎర్ర చల్క, మా షెడ్డు పక్కన రోజూ తడిపే మడి. పదిహేను రోజులకోసారి కొన్నింటిని తవ్వాం. డ్రిప్పు కింద ఏమీ వేయని కుండీ నెల రోజులకే వేళ్ళ మధ్య నలిగిపోయింది. అదే చోట ఏకేడీ కుండీ రెండు నెలలకు ముక్కలైంది. తడి మడిలోనూ కొంచెం అటూ ఇటూగా ఇంతే. చల్కలో ఆ ఏడు వాన ముఖం చాటేసిన వారాల్లో రెండు రకాలూ రెండు నెలల తరవాత కూడా గోడ నిలిచే ఉన్నాయి. ఒకే తొట్టి గుజ్జు, ఒకే అచ్చు. చోటుకూ చోటుకూ ఉన్న తేడా నేల తడి వల్లే.

ఇంకో తప్పు నాటడంలో ఉంది, దానికి బాధ్యత మాదే, ఎందుకంటే ఎలా నాటాలో మేము చెప్పలేదు. రైతులు కుండీ అంచు మట్టి పైకి అర అంగుళం కనిపించేలా నాటారు. ఆ అంచు దీపపు వత్తిలా పనిచేస్తుంది. కింది తేమను పైకి లాగి గాలికి ఇచ్చేస్తుంది. గోడ ఎండుతుంది. ఎండిన గోడను వేరు దాటదు. ఇప్పుడు ప్రతి కట్టతో పాటు నోటితో కూడా చెబుతాం: నాటే ముందు కుండీని బకెట్ నీటిలో ఒక నిమిషం ముంచండి, అడుగును వేలితో చీల్చండి, పై అంచును చింపి గుంతలోనే వేయండి, కుండీ ఏ భాగమూ మట్టి పైన కనబడకూడదు.

అన్నిటికంటే పెద్ద మార్పు, ఒకే కుండీని అన్ని పంటలకూ అమ్మడం మానేయడం. పత్తి మొక్క కుండీలో ఉండేది పదిహేను, ఇరవై రోజులు. దానికి ఏకేడీ అక్కర్లేదు. అట్ట మూడు పాళ్ళు, వార్తాపత్రిక రెండు పాళ్ళు, గోడ పలుచన, బరువు 9 గ్రాములు, పక్కల్లో నిలువు గాట్లు. మూడో వారానికి చేతిలో పట్టుకుంటే మెత్తగా కుంగుతుంది. అది లోపమని మొదట్లో రైతులు అనుకున్నారు. వేరు బయటికి రావాలంటే అలాగే ఉండాలని మొక్క విప్పి చూపిస్తే ఒప్పుకున్నారు. బొప్పాయి నర్సరీలో నెలన్నర ఉంటుంది. దానికి అట్ట ఎక్కువ, ఏకేడీ సగానికి సగం తగ్గించి వేస్తాం. డ్రిప్పు ఉన్న తోటలకే ఆ కుండీ ఇస్తాం.

పసుపు ఆకులు, చెదలు

2023 సీజన్‌లో ఒక నర్సరీ నుంచి ఫోను వచ్చింది. బొప్పాయి నారు పన్నెండో రోజుకే కింది ఆకుల నుంచి పసుపు తిరుగుతోందని. విత్తనమో తెగులో అనుకున్నారు. నిజానికి కుండీ కుళ్ళడం మొదలైంది. కాగితంలో కార్బన్ అపారం, నత్రజని దాదాపు సున్నా. దాన్ని తినే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని చుట్టూ ఉన్న మట్టి నుంచి లాక్కుంటాయి. కుండీ కరుగుతున్నందుకు సంతోషించాలో, మొక్క ఆకలితో ఉన్నందుకు బాధపడాలో తెలియని పరిస్థితి. అప్పటికి లీటరు నీటికి 5 గ్రాముల యూరియా కలిపి చల్లమన్నాం, వారంలో పచ్చబడింది. ఆ తరవాత మట్టి మిశ్రమంలోనే వర్మికంపోస్టు పాలు పెంచి, కొంచెం వేపపిండి కలిపించాం. మళ్ళీ ఆ ఫిర్యాదు రాలేదు.

చెదలు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. జడ్చర్ల దగ్గర ఒక నర్సరీలో ఎర్రమట్టి నేల మీదే కుండీలు వరసగా పేర్చారు. మూడో నాటి ఉదయం వెళ్ళి ఒక కుండీ ఎత్తితే అడుగు నేలతోనే ఉండిపోయింది, గోడ మాత్రం నా చేతిలోకి వచ్చింది. అడుగు ఉండాల్సిన చోట తడి మట్టి గొట్టాలు, వాటిలో తెల్లగా పాకుతున్న పురుగులు. చెదలకు కాగితం విందుభోజనం. మందు కలపమని చాలామంది సలహా ఇచ్చారు. నేలలో కలిసిపోవాలని చేసే వస్తువులో పురుగుమందు కలపడానికి నా మనసు ఒప్పలేదు. కుండీలను నేలకు తగలకుండా అడుగు ఎత్తున తడికల మీద పెట్టిస్తున్నాం, కాళ్ళ చుట్టూ వేపపిండి. అది చేసిన చోట నష్టం బాగా తగ్గింది. చేయలేని చోట కుండీలు ఇవ్వడం లేదు.

ధర

14 గ్రాముల కుండీ మాకే 2 రూపాయల 40 పైసలు పడుతుంది. అందులో కాగితం ఖరీదు పావలా కూడా లేదు. రూపాయి అరవై పైసలు కూలి, మిగతాది కరెంటు, ఏకేడీ, అచ్చుల అరుగుదల. అదే సైజు పాలిథిన్ సంచి రూపాయి లోపే దొరుకుతుంది. లక్షల మొక్కలు పెంచే నర్సరీకి ఇది కుదరదని నాకు తెలుసు, వాళ్ళను ఒప్పించే ప్రయత్నమూ చేయను. వేరు కదిలితే నష్టపోయే పంటలకే అమ్ముతాం: బొప్పాయి, పత్తి పోగుంటలు, తీగ కూరగాయలు. కూలి తగ్గించి ధర తగ్గించడం నాకు ఇష్టం లేదు. ఒక్క ముంపుకు నాలుగు కుండీలు వచ్చే అచ్చు చేయిస్తే తొట్టి దగ్గర పని సగానికి తగ్గుతుంది, ఆ దిశగా పొదుపు చేస్తున్నాం. వానాకాలంలో కుండీ ఆరడానికి రెండు రోజులు పట్టి బూజు ఎక్కుతుంది కనుక జూన్ అవసరానికి సరిపడా ఫిబ్రవరి నుంచి మే వరకే చేసి దాచుకోవాలి. ఆ నాలుగు నెలల పెట్టుబడి చేతిలో లేనివారు ఈ పనిలోకి దిగితే ఇబ్బంది పడతారు.

దేవరకొండ పెద్దాయన ఈ ఏడు మళ్ళీ వచ్చి 300 పత్తి కుండీలు తీసుకున్నారు. జూలై నెలాఖరున నేను ఆయన చేనుకు వెళ్ళి, ఆయన చూపించిన పది మొక్కల చుట్టూ మట్టి తీసి చూశాను. ఏడింటిలో తల్లివేరు అడుగును దాటి దిగింది, గాట్ల గుండా పిల్లవేళ్ళు బయటికి వచ్చాయి, గోడ చేత్తో తీస్తే మట్టితో పాటే రాలింది. మూడింటిలో మాత్రం గోడ ఇంకా బిగిసే ఉంది. ఆ మూడూ చేను ఎగువన, గట్టు పక్కన కంకర తేలిన చోట నాటినవి. అక్కడ నీరు నిలవదు. “ఆ ముక్కకు వేరే కుండీ చేయి బిడ్డా” అన్నారాయన. వచ్చే సీజన్‌కు అడుగే లేని, రెండు వైపులా తెరిచిన గొట్టం లాంటి కుండీ కోసం కొత్త అచ్చు కోయిస్తున్నాను.